లేజర్ తగిలిన క్షణంలో సిలికాన్ ఏమవుతుంది? లెక్కగట్టి చెబుతున్న కంప్యూటర్లు

సెల్‌ఫోన్ చిప్ నుంచి ఇంటి మీది సోలార్ ప్యానెల్ దాకా మనకు రోజూ పనికొచ్చే సెమీకండక్టర్ సిలికాన్. నునుపు చేసిన సిలికాన్ తన మీద పడ్డ కాంతిలో దాదాపు మూడో వంతును వెనక్కి పంపుతుంది. కానీ రెప్పపాటు కన్నా ఎన్నో రెట్లు తక్కువ సేపు ఉండే బలమైన లేజర్ పల్స్ తగిలితే అది కాసేపు లోహంలా, అద్దంలా ప్రవర్తిస్తుంది. తర్వాత మళ్లీ మామూలు స్థితికి వస్తుందా? లేక శాశ్వతంగా దెబ్బతింటుందా? దీన్ని ముందే తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కంప్యూటర్ సిమ్యులేషన్లు చేస్తున్నారు.

ఎంత తక్కువ సమయం?

ఈ పల్స్‌లను ఫెమ్టోసెకన్లలో కొలుస్తారు. సెకనులో కోటో వంతు తీసుకుని, దాన్ని మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోసెకను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి కూడా అంత సమయంలో వెంట్రుక మందంలో వందో వంతు దాటదు. ఇలాంటి పల్స్‌లతో రసాయన చర్యలను గమనించినందుకే ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

లోపల జరిగేది ఇదీ

సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు మామూలుగా కింది అంతస్తులో ఉంటాయి. పై అంతస్తుకు ఎక్కాలంటే కనీసం 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ల్యాబుల్లో ఎక్కువగా వాడే 800 నానోమీటర్ల లేజర్‌లో ఒక్కో ఫోటాన్ దగ్గర 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. అంటే ఎక్కించడానికి సరిపోతుంది.

పైకెక్కిన ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. వాటి సంఖ్య పెరిగేకొద్దీ సిలికాన్ కాంతిని వంచే గుణం తగ్గుతుంది. మొదట పరావర్తనం కొంచెం పడిపోతుంది. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా పెరిగి లోహంలా మెరుస్తుంది. ఇంత జరిగినా అణువులు ఇంకా పెద్దగా వేడెక్కవు. ఎలక్ట్రాన్ల వేడి వాటికి చేరడానికి పికోసెకన్లు, అంటే వేల ఫెమ్టోసెకన్లు పడుతుంది. అయితే బంధాల్లో ఉన్న ఎలక్ట్రాన్లలో సుమారు పదో వంతు లేచిపోతే, వేడి చేరకముందే బంధాలు సడలి స్ఫటికం కూలిపోతుంది.

జమా ఖర్చుల లెక్క

కోట్లాది ఎలక్ట్రాన్లకు విడివిడిగా క్వాంటమ్ సమీకరణాలు రాయడం కుదరని పని. అందుకే ఒక్కో ఎలక్ట్రాన్‌ను కాకుండా, ఎక్కడ ఎంత సాంద్రత ఉందో లెక్కిస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన వాల్టర్ కోన్‌కు 1998లో కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. కాలంతో పాటు మారే సాంద్రతకు దాన్ని 1984లో రుంగే, గ్రాస్ విస్తరించారు.

కంప్యూటర్ కొన్ని అటోసెకన్ల చొప్పున అడుగులు వేస్తుంది. ఒక ఫెమ్టోసెకనుకు వెయ్యి అటోసెకన్లు. అంటే 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌కే పదుల వేల అడుగులన్నమాట. ప్రతి అడుగులో కాంతి ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, కదిలిన ఎలక్ట్రాన్లు తిరిగి కాంతిని మారుస్తాయి. లేజర్ ఇచ్చిన శక్తి జమ, పదార్థం మింగింది ఖర్చు. రెండూ సరితూగాలి. జపాన్‌లోని సుకుబా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కలిసి తయారు చేసిన 'సాల్మన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనే చేస్తుంది.

లెక్క తప్పే చోటు

ఇందులో ఒక చిక్కు ఉంది. తేలికైన అంచనా సూత్రం వాడితే సిలికాన్ రెండు అంతస్తుల మధ్య దూరం అసలు దాంట్లో సగమే వస్తుంది. మెట్టు తక్కువగా కనిపిస్తే ఎక్కే ఎలక్ట్రాన్లూ ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడు దెబ్బతినే హద్దు కూడా తప్పుగా తేలుతుంది. మెరుగైన సూత్రాలు ఉన్నాయి కానీ వాటికి కంప్యూటర్ సమయం చాలా ఎక్కువ కావాలి. అందుకే ప్రయోగం తప్పనిసరి. ఒక పల్స్‌తో కొట్టి, కాస్త ఆలస్యంగా రెండో బలహీన పల్స్ పంపి పరావర్తనం కొలుస్తారు. అది సిమ్యులేషన్‌తో కలిస్తేనే లెక్కను నమ్ముతారు.

మనకేంటి ఉపయోగం?

హద్దు లోపల ఆగితే మార్పు తాత్కాలికం. అప్పుడు కాంతితోనే కాంతిని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌గా వాడుకోవచ్చు. హద్దు దాటితే అదే లేజర్ చుట్టుపక్కల పెద్దగా వేడి పాకకుండా సన్నని రంధ్రం చేసే పనిముట్టు అవుతుంది. రెండూ కావాల్సినవే. స్విచ్ చేయబోయి చిప్‌ను కాల్చేసుకోకుండా ఉండాలంటే మాత్రం ఆ హద్దు ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. హైదరాబాద్ యూనివర్సిటీలోనూ ఫెమ్టోసెకండ్ లేజర్లతో పరిశోధనలు జరుగుతున్నాయి. ఫిజిక్స్‌తో పాటు కోడింగ్ నేర్చుకునే విద్యార్థులకు ఈ రంగంలో చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది.