చేతుల జబ్బు కళ్లకొస్తే

మా అత్త పోయిన రోజు నాకు కన్నీళ్లు రాలేదు. ఇరవై ఆరేండ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకరి పక్కన ఒకరం కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టినాం. గొంతు పూడుకుపోయింది, గుండె బరువెక్కింది, కళ్లు మాత్రం ఎర్రగా, పొడిగా మండుతున్నాయి. "కోడలి కంట తడి లేదు సూడుండ్రి" అని మా గల్లీలో ఒకామె అన్నది నా చెవిన పడ్డది. దినాలు అయ్యేదాకా ఆ మాట నన్ను తింటూనే ఉంది. అది జబ్బు అని ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

నాకు కీళ్లవాతం ఉండబట్టి తొమ్మిదేండ్లు. వయసు మీద పడి వచ్చే మోకాళ్ల నొప్పి కాదు, రుమటాయిడ్ అంటారే, అది. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ల మీద పడే జబ్బు. రెండు చేతుల వేళ్లూ వాస్తాయి, పొద్దున గంట దాటినా వేళ్లు ముడుచుకోవు. వెయ్యి బీడీలు చుట్టేదాన్ని నాలుగు వందలకు వచ్చినా. మెథోట్రెక్సేట్ గోలీలు వేసుకుంటాను, అది వారానికి ఒక్కరోజే. ఈ మాట మళ్లీ చెప్తున్నా, వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

కళ్ల సంగతి మెల్లగా మొదలైంది. ముందు ఇసుక పడ్డట్టు గరగర. పొద్దున రెప్పలు అంటుకుపోయేవి. గాలి తగిలితే బొటబొటా నీళ్లు కారేవి, అందుకే ఎండిపోయిన కళ్లు అంటే ఎవరూ నమ్మలేదు. మా ఇంటి వెనకనే సాంచల కార్ఖానా, దూది ఎగురుతూనే ఉంటుంది. ఇంట్లో తంబాకు దుమ్ము. అదే కారణం అనుకున్నాం. మందుల దుకాణంలో అడిగితే ఒక చుక్కల సీసా ఇచ్చినారు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. ఇంత మంచి మందు ఇంకెక్కడ దొరుకుతుంది అనుకొని ఎనిమిది నెలలు అదే తెచ్చుకున్నా.

చూపు మసకబారితే గాని పెద్ద దవాఖానాకు పోలేదు. అక్కడి కంటి డాక్టరమ్మ సీసా చూసి తల పట్టుకుంది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందట. డాక్టరు చూస్తూ కొద్ది రోజులు వేస్తే మందే, తెలియకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, మోతిబిందు ముందే వస్తుంది. నాకు ఒత్తిడి పెరిగే ఉంది. దానికి వేరే చుక్కలు రాసింది.

తర్వాత ఆమె చేసిన పని నాకు వింతగా తోచింది. చేతులు చూపించమన్నది. వేళ్ల కణుపులు చూసి, "కడక్ రొట్టె నీళ్లు లేకుండా మింగగలవా?" అని మరాఠీలో అడిగింది. లేదన్నా. నోరు ఎండిపోతుందని, రాత్రి చెంబు పక్కన పెట్టుకొని పడుకుంటానని ఆ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు. కీళ్ల డాక్టరుకు కళ్ల మాట చెప్పలేదు, కంటికి మందు ఇచ్చినవాళ్లకు కీళ్ల మాట చెప్పలేదు. ఎవరి జబ్బు వాళ్లకు అనుకున్నా.

రెండూ ఒకటే. కీళ్ల మీద పడ్డ శక్తే కన్నీళ్లు, లాలాజలం ఊరే గ్రంథుల మీద కూడా పడుతుంది. 1933లో స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ కళ్లు, నోరు ఎండిన 19 మంది ఆడవాళ్ల గురించి రాసినాడు, వాళ్లలో 13 మందికి కీళ్లవాతం ఉంది. అందుకే దీన్ని ఆయన పేరుతో పిలుస్తారు. మరి నీళ్లెందుకు కారినయి అంటే, ఎండిన కన్ను మండి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి ఉత్త నీళ్లు, కంటి మీద నిలవవు. కన్నీటిలో నీళ్లతో పాటు నూనె, జిగురు కూడా ఉండాలి. గ్రంథి ఇంకా చెడితే ఆ నీళ్లూ రావు. అత్త పోయేనాటికి నాది ఆ దశ.

పరీక్ష చిన్నదే. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాలు కూర్చోబెడతారు. 10 మిల్లీమీటర్లు దాటి తడిస్తే మామూలే అంటారు, 5కు లోపైతే బాగా ఎండినట్టు. నాకు 3 తడిసింది.

మందుల్లో మొదటిది చుక్కల కన్నీళ్లు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనో, హయలురోనేట్ అనో సీసా మీద ఉంటుంది. ఇవి జబ్బును పోగొట్టవు, కంటిని తడిగా ఉంచుతాయి. రోజుకు నాలుగుసార్లు దాటితే మందు చెడకుండా కలిపే రసాయనం లేనివి వాడాలి, ఆ రసాయనమే కంటిని గీరుతుంది. అవి ఖరీదు ఎక్కువ. రాత్రికి చిక్కటి జెల్, అది వేసుకుంటే కాసేపు అంతా మసకే. రెప్పల అంచున నూనె పేరుకుంటే గోరువెచ్చని గుడ్డ కాపడం. ఆముదం, తేనె, తల్లిపాలు కంట్లో పొయ్యొద్దు. చేపనూనె గోలీల మాట మా వీధిలో బాగా నడుస్తుంది గాని, 2018లో అమెరికాలో వచ్చిన పెద్ద పరీక్షలో మామూలు ఆలివ్ నూనె గోలీల కంటే వాటి గుణం ఎక్కువ కనబడలేదు. ఆ పైసలు చుక్కలకు పెట్టుకోవడం నయం.

ఇదంతా చీటీ మీద సులువే. నా కష్టం సీసా పిండటం. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కాలి, నాకు పోయినవి ఆ రెండే. చుక్క ముక్కు మీద, చెంప మీద, చీర మీద పడేది. సీసా తొందరగా అయిపోతుందని రెండు పూటలు మానేసి డాక్టరుకు వేసుకుంటున్నా అని అబద్ధం చెప్పినా. మానేసినట్టు చెప్పకపోతే మందు పని చేయలేదని ఇంకా గట్టి మందు రాస్తారు, ఆ తెలివి నాకు లేకపోయింది. చివరకు మా ఆయనే పట్టుకున్నాడు. రాత్రి పాళీకి పోయేముందు నన్ను మంచం మీద పడుకోబెట్టి, "పైకి సూడు, కదలకు" అంటూ ఒక్కొక్క చుక్క వేస్తాడు. పగలు మా చిన్నోడు బడికి పోయేముందు, వచ్చినంక. సీసా మూతి రెప్పకు తగలకూడదు, ఒక్క చుక్క చాలు, రెండు నిమిషాలు కన్ను మూసుకోవాలి, రెండో మందుకు అయిదు పది నిమిషాలు ఆగాలి. వాడికి ఇవన్నీ నాకంటే బాగా వచ్చు.

వీటితో ఆగకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలు, రోజుకు రెండుసార్లు. గ్రంథి మీది మంటను తగ్గించేవి ఇవి. వేసినప్పుడు భగ్గుమంటాయి, గుణం కనబడటానికి నెలలు పడుతుంది. నేను మూడు వారాలకే విసిగి ఆపినా, మళ్లీ మొదలుపెట్టినంక నాలుగో నెలలో ఇసుక తగ్గింది. కన్నీళ్లు ముక్కులోకి జారే సన్నటి రంధ్రానికి బిరడా పెడతారు, ఉన్న తడి నిలుస్తుంది. నాకు మంట తగ్గినంకనే పెడతామన్నారు. మరీ ముదిరితే మన రక్తంలోంచే సీరం తీసి చుక్కలు చేసే పద్ధతి పెద్ద కంటి దవాఖానాల్లో ఉంది. వీటన్నిటితో పాటు కీళ్లవాతం మందు మానకుండా నడవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకునేవాళ్లకు కంటి వెనక పొర పరీక్ష వేరే ఉంటుంది. మొదట్లో ఒకసారి, అయిదేండ్ల తర్వాత ఏటేటా. ఎండిన కళ్ల పరీక్షతో అది అయిపోదు.

బీడీ చుట్టేటప్పుడు, సాంచ మీద తెగిన పోగు వెతికేటప్పుడు రెప్ప వేయడం మరిచిపోతాం. ఫ్యాన్ మొహానికి పెట్టుకోకండి. జలుబు గోలీలు కొన్ని కళ్లను ఇంకా ఎండబెడతాయి. కన్ను లోపల లోతుగా సలుపుతున్నా, వెలుతురు చూడలేకపోయినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు దవాఖానాకు పోవాలి. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కంటిపొర కరిగి చిల్లు పడే ప్రమాదం ఉంది.

పోయిన నెల ఆ గల్లీ ఆమె మా ఇంటికొచ్చింది. "వదినా, నాకూ కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది, నీ సీస జర ఇస్తవా?" అన్నది. ఆమెకు కీళ్లనొప్పులు లేవు, కారణం వేరే ఏదో ఉండొచ్చు. సీసా ఇవ్వలేదు. ఒకరి కంట్లో వేసిన సీసా ఇంకొకరికి ఇవ్వకూడదు. బుధవారం నాకు చీటీ తేదీ ఉంది, తోడు రమ్మన్నా. పొద్దున ఏడింటికి లైన్‌లో నిలబడాలి, మధ్యాహ్నం దాకా పడుతుంది, రొట్టెలు కట్టుకొని రమ్మని చెప్పినా.