తక్కిన పేర్లన్నీ

అమెరికా 2010 జనగణన పట్టికలో 1,62,253 ఇంటిపేర్లున్నాయి. అరుదైన తెలుగు ఇంటిపేర్లు వాటిలో ఉండవు, ఆ పట్టిక అడుగున ఒకే ఒక్క వరుసలో ఉంటాయి.

“అమెరికాలో అరుదైన ఇంటిపేర్ల మీద ముఖచిత్ర కథనం కావాలండీ. శుక్రవారం పొద్దున్నకి పేజీలు వెళ్లిపోవాలి” అన్నారు ఎడిటర్ గారు. “మంచి ఇంటిపేరు ఒకటి పట్టుకోండి. ఏ ఊరు, ఎంతమంది, ఇప్పుడెక్కడున్నారు... అంతే.”

‘అంతే’ అన్నది ఎడిటర్లకు ఊతపదం. ఇంటిపేరు కోసం వెతకబోతే నాకు దొరికింది ఒక పట్టిక. దాన్ని పట్టుకున్నాక మిగతావన్నీ పక్కకు పోయాయి.

అమెరికా సెన్సస్ బ్యూరో 2010 జనగణన లెక్కల నుంచి ఇంటిపేర్ల ఫైలు ఒకటి తయారుచేసి జనానికి వదిలింది. కంప్యూటర్ ఉన్నవాళ్లెవరైనా పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. మొదటి వరుసలో స్మిత్, 24,42,977 మంది. తర్వాత జాన్సన్, విలియమ్స్, బ్రౌన్, జోన్స్. ఆరో స్థానానికే స్పానిష్ పేరు గార్సియా వచ్చేసింది. వియత్నాం వాళ్ల న్గుయెన్ 38వ స్థానం. మనకు తెలిసిన మొదటి పేరు కోసం 95 దాకా దిగాలి. అక్కడున్నది పటేల్, 2,29,973 మంది. 2000 నాటి పట్టికలో ఇదే పటేల్ 172వ స్థానంలో ఉండేది.

ప్రతి పేరు పక్కనా గళ్లుంటాయి. ర్యాంకు ఎంత, ఎంతమంది, లక్ష జనాభాకు ఎందరు. ఆ తర్వాత ఆరు గళ్లలో శాతాలు: ఆ ఇంటిపేరు వాళ్లలో తెల్లవాళ్లెంత, నల్లవాళ్లెంత, ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవాళ్లెంత, మూలవాసులెంత, రెండు జాతులు కలిసినవాళ్లెంత, హిస్పానిక్‌లెంత. ఏ గడిలోనైనా జనం మరీ పలచగా ఉంటే అంకె వెయ్యరు. బ్రాకెట్ల మధ్య ‘ఎస్’ అనే అక్షరం పడేస్తారు. ఎవరి కుటుంబమో పక్కింటివాళ్లు పోల్చుకోకుండా ఈ జాగ్రత్త.

ఈ పట్టికలోకి ఎక్కాలంటే ఒకటే షరతు. దేశం మొత్తమ్మీద ఆ ఇంటిపేరుతో కనీసం 100 మంది ఉండాలి. 99 మంది ఉంటే చోటు లేదు. 1990లో నమూనా సర్వే ఆధారంగా వేసిన జాబితాలో 88,799 పేర్లుండేవి. 2000లో అసలు జనగణన నుంచే తీస్తే 1,51,671 తేలాయి, 2010కి ఇంకో పదివేల పైచిలుకు చేరాయి. అన్నీ దాటుకుని చివరికి వెళ్తే అక్కడొక వింత వరుస. పేరుండాల్సిన గడిలో ‘తక్కిన పేర్లన్నీ’ అని ఉంది. ర్యాంకు గడిలో సున్నా. సంఖ్య గడిలో 2,93,12,001.

చివర ఉన్న ఆ ఒకటి చూస్తే, చదివింపుల్లో మొత్తం మీద ఒక రూపాయి కలిపినట్టుంది.

ఈ వరుస మీద నాకు మమకారం పుట్టింది. అమెరికాలో ప్రతి పదిమందిలో ఒకరు ఇందులోనే ఉన్నారు. పట్టికకు ఎక్కలేని పేర్లన్నీ, వందలోపు మంది ఉన్నవి, పదిమంది ఉన్నవి, ఒక్కరే ఉన్నవి, ఇక్కడే సర్దుకున్నాయి. దీని ఆసియా, పసిఫిక్ గడిలో 7.97 శాతం అని ఉంది. లెక్క కడితే 23 లక్షల పైమాట. 2010లో అమెరికాలో తమను ఆసియన్లుగా మాత్రమే రాయించుకున్నవాళ్లు 1 కోటి 47 లక్షలు. అంటే మన ఖండం వాళ్లు తమ జనాభా వాటా కంటే ఎక్కువగా ఈ చివరి వరుసలో ఉన్నారు. తెలుగువాళ్ల వాటా ఎంతో పట్టిక చెప్పదు. కానీ ఊరికో ఇంటిపేరు, ఒక్కో ఊళ్లో పది ఇంటిపేర్లు ఉన్న జాతి మనది. కొరియన్లలా ఎక్కువగా కిమ్, లీ, పార్క్‌లతో సరిపెట్టుకున్నవాళ్లం కాదు. ఎక్కడ తేలతామో ఊహించడం కష్టం కాదు.

ఇంకో సంగతి. 2000 జనగణనలో మొత్తం దాదాపు 60 లక్షల రకాల ఇంటిపేర్లు నమోదయ్యాయి. వాటిలో 65 శాతం పేర్లకు దేశంలో ఉన్నది ఒక్కొక్క మనిషే. ఇది చదివి ‘అయ్యో, వంశంలో ఆఖరివాడు’ అని కళ్లు తుడుచుకోనక్కర్లేదు. చేత్తో నింపిన ఫారాన్ని యంత్రం చదివేటప్పుడు ఒక్క అక్షరం తప్పినా కొత్త ఇంటిపేరు పుడుతుంది.

మనవాళ్లయితే యంత్రం దాకా ఆగరు. యార్లగడ్డ అని రాయడానికి మొదటి అక్షరం తర్వాత ‘ఏ’ పెట్టేవాళ్లున్నారు, ‘ఈ’ పెట్టేవాళ్లున్నారు. మూర్తిలో ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టేదొకరు, పెట్టనిదొకరు, ముందు రెండు ‘ఓ’లు పెట్టేది మరొకరు. ఇక చౌదరి సంగతి చెప్పక్కర్లేదు, స్కూలుకో స్పెల్లింగు. ఒక ఇంటిపేరు వాళ్లు అమెరికాలో 150 మంది ఉన్నారనుకోండి. 80 మంది ఒకలా, 70 మంది మరోలా రాస్తే, పట్టిక లెక్కలో ఆ ఇంటిపేరే లేదు. రెండు రకాలవాళ్లూ చివరి వరుసలోకే పోతారు.

పోతే ఏమిటట అనొచ్చు. ఈ ఫైలుతో పనులు జరుగుతున్నాయి మరి. అప్పు కోసం వచ్చినవాళ్ల జాతి ఏదో చాలా రకాల అప్పుల్లో బ్యాంకులు అడగకూడదు. వివక్ష జరిగిందా లేదా అని తేల్చాలంటే జాతి తెలియాలి. అందుకని ఇంటిపేరు, ఇల్లున్న పేట, రెండూ కలిపి అంచనా వేసే పద్ధతిని ర్యాండ్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రచురించారు. మొదట ఆరోగ్యరంగం కోసం పెట్టుకున్నా, తర్వాత అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ కారు అప్పుల మీద వాడింది. ఆ అంచనాకు ముడిసరుకు ఈ పట్టికే. పటేల్ అనగానే యంత్రం ఆసియా అని ఇంచుమించు తేల్చేస్తుంది. పట్టికలో లేని ఇంటిపేరైతే దానికి పేరు సాయం ఉండదు, పేట మీద ఆధారపడాలి.

యల్లాప్రగడ ఏమైంది?

అమెరికా వెళ్లిన తెలుగు ఇంటిపేర్లలో నాకు బాగా నచ్చిన కథ 1925లో అచ్చయిన ఒక శాస్త్ర పత్రం మొదటి పేజీలో ఉంది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి. రాసింది సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారో. మన సుబ్బారావు గారే. భీమవరంలో 1895లో పుట్టి, 1923లో హార్వర్డుకు చేరిన మనిషి.

తెలుగు వరుసలోనే పేరు రాశారు, ఇంటిపేరు ముందు, పేరు వెనక. ‘రావు’కు చివర ‘ఓ డబ్ల్యు’. అక్కడివాళ్లకు వెనకున్నదే ఇంటిపేరు. దాంతో సుబ్బారావు ఇంటిపేరైంది, యల్లాప్రగడ ఆయన సొంత పేరైంది. శాస్త్ర పత్రాల్లో సొంత పేరును పొడి అక్షరం చేస్తారు కనుక తరతరాల ఇంటిపేరు ఒక్క ‘వై’గా మిగిలింది. ఆ పత్రం ప్రపంచంలో అతి ఎక్కువసార్లు ఉదహరించిన వాటిలో ఒకటి. ప్రతి ఉదహరణలోనూ ఫిస్కే, సుబ్బారో, వై. ప్రగడ అంటే మంత్రి. ఎర్రాప్రగడ పేరు చివర ఉన్నదీ అదే. అంత హోదా ఉన్న ఇంటిపేరు ఒక పొట్టి అక్షరంలో ఒదిగిపోయింది. ఆయన 1948లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో పోయాక, 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. అక్కడా యల్లాప్రగడ లేదు.

గణాంక శాస్త్రంలోనూ ఇదే తంతు. క్రామెర్-రావు, రావు-బ్లాక్‌వెల్ సూత్రాలు ప్రపంచమంతా చదువుతుంది. ఆ రావు గారి ఇంటిపేరు కల్యంపూడి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కార్నెగీ మెలన్ ఆచార్యుడు రాజ్ రెడ్డి పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. రావు, రెడ్డి అమెరికాలో అరుదైన పేర్లు కావు. వాటి వెనక కూర్చున్న కల్యంపూడి, దబ్బల అరుదైనవి.

చరిత్ర గబగబా చెప్పేస్తాను, శుక్రవారం దగ్గరపడుతోంది. సుబ్బారావు గారు ఓడ దిగిన 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వం కుదరదని తేల్చింది. 1946 చట్టం ఏడాదికి 100 మందికి తలుపు తెరిచింది. 1965 చట్టంతో డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. 1990 చట్టం హెచ్1బి వీసా తెచ్చింది, తర్వాత వై2కె కంప్యూటర్ పనులు, తర్వాతిది మీకందరికీ తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు.

ఇంటిపేరు కోణంలో చూస్తే, డెబ్భైల్లో వెళ్లినవాళ్లలో చాలామంది పేరు చివరి ముక్కనే అక్కడి ‘లాస్ట్ నేమ్’ చేసుకున్నారు. అన్న రావయ్యాడు, తమ్ముడు ప్రసాదయ్యాడు. వాళ్ల పిల్లల్ని ఒకే తాత మనవలని ఏ కాగితమూ చెప్పదు. సాఫ్ట్‌వేర్ తరం అలా కాదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, అదే పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడికి ఎక్కుతుంది, అదే వీసాకు, అదే అమెరికాలో పుట్టిన బిడ్డకు. పొడి అక్షరంగా బతికిన మన ఇంటిపేరును గొంతెత్తి పిలిపించింది పాస్‌పోర్టు ఫారమే. నాదెళ్ల, బండ్ల, దావులూరి లాంటి ఇంటిపేర్లను అమెరికన్ టీవీ యాంకర్లు నాలుక తిప్పుకుంటూ పలికారంటే అందులో ఆ గడి చలవ కూడా ఉంది.

ఇంటిపేరు మూలాలు చెబుతామని ఫ్రేము కట్టిన వంశముద్రలు అమ్మేవాళ్లను మాత్రం నమ్మకండి. ఇంగ్లండులో ఆ ముద్రలు మనుషులకు ఇచ్చేవారు, ఇంటిపేర్లకు కాదు. మన ఊళ్ల సంగతీ అంత తేలిక కాదు. చిలుకూరి వారిది ఏ చిలుకూరు? వీసా బాలాజీ గుడి ఉన్న మొయినాబాద్ వైపుదా, సూర్యాపేట జిల్లాదా? దావులూరు గుంటూరు వైపు ఉంది, కృష్ణా వైపూ ఉంది. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్లు ఒకే ఇంటిపేరుతో బయల్దేరారు కూడా. అయినా డల్లాస్ విందుల్లో “మీ ఇంటిపేరేంటండీ?” అని అడిగేవాళ్లందరూ ఊరి కోసమే అడగరు. ఆ ప్రశ్న దేనికో అడిగినవాళ్లకీ తెలుసు, విన్నవాళ్లకీ తెలుసు. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే.

(బాక్సు) మధ్యలో మిగిలిన పేరు

మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా 2023లో ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టినప్పుడు కాట్రగడ్డ అరుణ. పెళ్లితో వచ్చిన మిల్లర్, 2010 పట్టికలో ఏడో స్థానం, 11 లక్షల పైచిలుకు జనం.

ఉషా చిలుకూరి వాన్స్ పుట్టింటి పేరును మధ్యలో ఉంచుకున్నారు. తమాషా ఏమిటంటే, మూడు ఇంటిపేర్లు మారింది ఆమెకు కాదు, భర్తకు. అమెరికా ఉపాధ్యక్షుడైన జేడీ వాన్స్ పుట్టినప్పుడు బౌమన్, తర్వాత హామెల్, 2013లో అమ్మమ్మా తాతయ్యల ఇంటిపేరు వాన్స్.

2021లో స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండర్‌గా వెళ్లిన నాసా వ్యోమగామి రాజా చారి పూర్తి పేరులో వుర్పుటూర్ ఉంది. తండ్రి హైదరాబాదు నుంచి వెళ్లినవారు.

(బాక్సు) గడి ఖాళీగా ఉంటే

పాస్‌పోర్టులో ఒకే పేరుంటే అమెరికా వీసాలో అది సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. సొంత పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యు’ పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. అది తెలియని ఆఫీసు గుమాస్తాలు అదే పేరనుకుని పిలుస్తారు.

(బాక్సు) ఎల్లిస్ దీవి కట్టుకథ

ఓడ దిగినవాళ్ల పేర్లను న్యూయార్క్ ఎల్లిస్ దీవి అధికారులు మార్చేశారని అమెరికాలో ఇంటింటా చెప్పుకుంటారు. 1892 నుంచి 1954 దాకా నడిచిన ఆ కేంద్రంలో అధికారుల చేతిలో ఉండేది ఓడ కంపెనీ ముందే రాసుకొచ్చిన ప్రయాణికుల జాబితా. వాళ్లు దాన్ని సరిచూసేవారు. పేర్లు మార్చుకున్నది ఎక్కువగా తర్వాత, జనం తమంతట తామే.

కథనం ఇక్కడితో సరి. మీకో పని చెబుతాను. అమెరికాలో ఉన్న మీ అన్నదమ్ములు, బాబాయి పిల్లలు పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏయే అక్షరాలతో రాస్తున్నారో ఇవాళ కుటుంబం వాట్సాప్ గ్రూపులో అడగండి. రెండు మూడు రకాలు బయటపడితే, ఇకముందు పుట్టే పిల్లలకైనా ఒకటి ఖాయం చేసుకోండి. బర్త్ సర్టిఫికెట్ మీద పడ్డాక మార్చాలంటే చాలా రాష్ట్రాల్లో కోర్టు మెట్లెక్కాలి. పౌరసత్వం తీసుకుంటున్నవాళ్లకు మాత్రం ఆ దరఖాస్తులోనే పేరు మార్పు కోరుకునే గడి ఉంటుంది. కోర్టులో జరిగే ప్రమాణ స్వీకారంలో అది అక్కడికక్కడే అయిపోతుంది.