గురుముఖమున నేర్వవలసిన వ్యాయామము

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదువుకొనుచుండిన 15 మొదలు 18 ఏండ్ల వరకు వయస్సు గల 460 మంది బాలికలను పరీక్షించి, వారిలో నూటికి తొమ్మండుగురికి, మన ఇండ్లలో ‘నీటిబుడగలు’ అని చెప్పుకొను పీసీఓఎస్ అను రుగ్మత ఉన్నదని, బెంగుళూరు ఎస్-వ్యాస యోగ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో ప్రకటించిరి. పిమ్మట ఇట్టి రుగ్మతయే గల 90 మంది బాలికలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు ఆసన ప్రాణాయామ విశ్రాంతులతో గూడిన యోగమును, రెండవ జట్టునకు దానికి సరితూగు మామూలు వ్యాయామమును, దినమునకొక గంట చొప్పున 12 వారములు చేయించి చూడగా, యోగము నేర్చిన జట్టులో టెస్టోస్టిరోన్, ఎల్‌హెచ్ అను హార్మోనులు ఎక్కువగా తగ్గినవి. నెలసరి క్రమపడుటయు వారియందే అధికముగా కానవచ్చినది. బరువు విషయమున మాత్రము రెండు జట్లకును చెప్పుకోదగిన భేదము లేదు.

ఈ చివరి మాటను తల్లిదండ్రులు కొంచెము నిలిచి ఆలోచింపవలెనని నా కోరిక. నెలసరి తప్పిన ఆడపిల్లకు మనము చెప్పునది ఒక్కటే: ‘ముందు బరువు తగ్గు, అన్నీ అవే సర్దుకుంటాయి.’ అన్నము తగ్గించి, అద్దము ముందు కంటతడి పెట్టుకొని, త్రాసుముల్లు కదలలేదని రెండు నెలలకే వ్యాయామము మానివేసిన పిల్లలెందరో గలరు. త్రాసు చూపని మేలు రక్తపరీక్షలో కనబడవచ్చునని వారికి ఎవ్వరును చెప్పలేదు. పై పరిశోధన చిన్నదే; అంత మాత్రమున సర్వులకును వర్తించు సిద్ధాంతమును కట్టరాదు; కాని వ్యాయామమునకును హార్మోనులకును గల సంబంధము ఊహామాత్రము కాదని అనుటకు అది చాలును.

ఆ సంబంధమునకు కారణము గూడ మరీ గహనమైనది కాదు. పీసీఓఎస్ గల అనేకుల శరీరమున ఇన్సులిన్ మాట కణములు సరిగా వినవు. వినకపోవుటచే క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించును. అట్లు హెచ్చిన ఇన్సులిన్ అండాశయమును ప్రేరేపించి, పురుష హార్మోనులని వ్యవహరింపబడు వానిని అధికముగా పుట్టించుటచే, అండము సకాలమున పక్వమై విడుదల కాదు, గడ్డము మీద వెండ్రుకలు మొలచును, మొటిమలు లేచును. పనిచేయుచున్న కండరమైతే, ఇన్సులిన్ ప్రేరణ లేకున్నను, రక్తములోని చక్కెరను తనలోనికి తీసికొనగలదు. వ్యాయామానంతరము కొన్ని గంటల పాటు ఇన్సులిన్‌కు మరింత బాగుగా స్పందించును. కనుకనే వైద్యులు మాత్రలతో పాటు నడకను, బరువులెత్తుటను, ఆసనములను గూడ చెప్పుచున్నారు.

ఇంతవరకు తెలిసినవారికి గూడ తరువాతి అడుగు తప్పుచున్నది. సెల్‌ఫోనులో ‘హార్మోన్ యోగా’ అని వెదకి, వచ్చిన మొదటి వీడియో చూచి, తలుపు వేసికొని చేయ మొదలిడుదురు. వీడియో చూచువారికి చూపగలదే కాని, చేయువారిని చూడలేదు. మంచి ఉపాధ్యాయిని మొదటి దినమున ఆసనమే వేయింపదు. చాపమీద ప్రక్కన కూర్చుండి అడుగును: ‘చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా? థైరాయిడ్‌కు, బీపీకి మాత్రలేమైనా వేసుకుంటున్నారా? కాన్పు మామూలుగానే అయిందా, ఆపరేషనా?’ పిమ్మట వెల్లకిల పరుండబెట్టి, మోకాళ్లు మడిపించి, పొట్టమీద తన అరచేయి ఆనించి, ఊపిరి తీయుమనును. పదిమందిలో అధికులు ఆ క్షణమున పొట్టను లోనికి లాగి, భుజములను చెవులదాక ఎత్తి, ఊపిరిని బిగబట్టుదురు. ‘బిగబట్టకమ్మా, నా చెయ్యి పైకి లేవాలి, అంతే’ అని ఆమె అనును. ఆ చేయి లేచువరకు పాఠము ముందుకు సాగదు. రక్తపుపోటు గలవారికి శ్వాసను బిగబట్టుటయు, గర్భిణులకు వేగముగా ఉచ్ఛ్వాస నిశ్వాసములు చేయించు భస్త్రిక, కపాలభాతులును తగవు; అడిగి తెలిసికొననిచో ఉపాధ్యాయినికి ఈ సంగతులెట్లు తెలియును?

కంటికి కనబడని కండరముల విషయమున గురువు అవసరము మరింత స్పష్టము. కాన్పుల వలనను, ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ తగ్గుట వలనను కటిప్రదేశమునకు అడుగున నున్న కండరములు సడలి, దగ్గినను తుమ్మినను మూత్రము చుక్కలు పడుట మన స్త్రీలలో బహుళముగ నున్నది; బయటికి చెప్పుకొనుట మాత్రము అరుదు. పెండ్లికి పోవుట మానినవారు, బస్సు ప్రయాణమనిన భయపడువారు, ఇది వయస్సుతో వచ్చునదే యని సరిపెట్టుకొన్నవారు ప్రతి వీధిలోను కలరు. ఆ కండరములను బిగించి వదలు వ్యాయామమును అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించెను; నేటికిని అది ఆయన పేరనే చెల్లుచున్నది. కాని 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు దానిని మాటలతో మాత్రమే వివరించి చేయించి కొలిచినప్పుడు, సరిగా చేయగలిగినవారు సగము మందియే. నాలుగవ వంతు మంది, లోనికి ఎత్తుటకు బదులు క్రిందికి ముక్కుచు, ఉన్న బాధను పెంచు విధముగా చేసిరి. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పరీక్షించి, ‘ఇదిగో, ఇది బిగించాలి, పిరుదులు కాదు, తొడలు కాదు’ అని చూపినచో, ఏండ్ల తరబడి తప్పుగా చేసినవారు గూడ సరియైన పట్టును తెలిసికొనగలరు.

భారతదేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాంతమున ముట్లుడుగును. అటుపిమ్మటి ఏండ్లలో ఎముక త్వరితముగా క్షీణించును. అట్టి ఎముక గలవారిపై అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1984లో ప్రకటించిన పరిశీలన ఒకటి నన్ను మిక్కిలి కలవరపెట్టినది. వెన్నును వెనుకకు నిక్కించు వ్యాయామములు చేసినవారిలో నూటికి 16 మందికి వెన్నుపూసలు క్రొత్తగా క్రుంగినవి; ముందుకు వంగు వ్యాయామములు చేసినవారిలో నూటికి 89 మందికి క్రుంగినవి. ఆ జట్లు చిన్నవే యైనను, ఇంత అంతరమును ఉపేక్షింపరాదు. కూర్చుండి ముందుకు వంగు పశ్చిమోత్తానాసనము మంచిదా యని అడుగుట కంటె, ఎవరికి మంచిది అని అడుగుట యుక్తము.

అట్లని వయస్సు మీరినవారు కుర్చీకి అంటుకొని కూర్చుండవలెనని అర్థము కాదు. ఆస్ట్రేలియాలో 58 ఏండ్లు దాటి, ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలతో జరిగిన లిఫ్ట్‌మోర్ అను పరిశోధనలో, ఒక జట్టువారు శిక్షకుల కనుసన్నలలో వారమునకు రెండు దినములు అరగంట చొప్పున ఎనిమిది నెలలు గొప్ప బరువులనే ఎత్తిరి. వారి నడుము ఎముక సాంద్రత నూటికి దాదాపు మూడు పాళ్లు పెరిగినది, ఇంటివద్ద తేలిక వ్యాయామము చేసిన జట్టువారిది తగ్గినది. ఆ మొదటి నెల అంతయు స్వల్పభారములతో, సరిగా నిలుచుటను, వంగుటను, ఎత్తుటను నేర్చుటకే వినియోగించిరి.

ఇక నేర్పువారిని ఎట్లు ఎంచుకొనవలెను? ఆయుష్ మంత్రిత్వశాఖ క్రింద నడచు యోగ సర్టిఫికేషన్ బోర్డు 2018 నుండి ధ్రువపత్రములు ఇచ్చుచున్నది. ఫిజియోథెరపీకి విశ్వవిద్యాలయపు డిగ్రీ కలదు. వీనిని చూపుమని అడుగుట మర్యాదాభంగము కాదు. ధ్రువపత్రము కంటెను నాకు ముఖ్యమని తోచునది, ఆమె ‘ఇది మీకు వద్దు’ అని చెప్పగలుగుట. ఒక్క ఆసనముతో థైరాయిడ్ నయమగునని గాని, మాత్రలు మానివేయుడని గాని చెప్పువారి తరగతి నుండి వెంటనే లేచి రావలెను. థైరాయిడ్ మాత్ర మోతాదును మార్చవలసినది వైద్యులే. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట రక్తస్రావము కనబడినచో, అది ఒక్క చుక్కయే యైనను, వ్యాయామపు తరగతికి గాక స్త్రీవైద్యురాలి వద్దకు పోవలెను. నెలల తరబడి నెలసరి రాకపోయినను అంతే.

ఇవన్నియు కుదిరినను ఉదయము ఆరుగంటలకు ఇల్లాలికి ఒక గంట తీరిక దొరకవలెను గదా. ఆ గంట కాఫీ కాచుటకో, పిల్లల డబ్బాలు కట్టుటకో ఇంటిలో మరియొకరు పూనుకొనినప్పుడే ఆమె చాప చంకన పెట్టుకొని గడప దాటగలదు. తరగతి రుసుము విచారించుటకు ముందు, ఆ పని ఎవరు చేయుదురని భర్తలు, కుమారులు తమలో తాము తేల్చుకొనినచో మేలు.