గేమ్‌లో పోయిన ఐదేళ్లు ఎన్ని గంటలు?

చంద్రగిరిలో ఒక కుర్రాడు ఇషా నమాజు తర్వాత రోజూ 3 గంటలు ఫోన్‌లో గేమ్ ఆడాడనుకుందాం. ఏడాదికి 1,095 గంటలు. ఐదేళ్లకు 5,475. రోజుకు 8 గంటల పనిగా లెక్కేస్తే 684 రోజులు! అంత టైమ్‌లో తిరుపతికి బస్సులో వెళ్లొస్తూ రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసేయొచ్చు.

2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీని నిషేధించింది. చాలామంది ఇంకో గేమ్‌కు మారారు. అంటే యాప్ తీసేస్తే సరిపోదు. ఖాళీ అయిన గంటల్లో ఏం చేయాలో పిల్లలతో కూర్చుని మాట్లాడాలి.

ఆడితేనే తప్పని కాదు. చదువు, ఇల్లు దెబ్బతింటున్నా ఆపలేక ఏడాదిపాటు అలాగే సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా లెక్కిస్తుంది. అప్పుడు తిట్టకండి, డాక్టర్‌కు చూపించండి. పోయిన గంటలు తిరిగి రావు. రేపటి 3 గంటలు మాత్రం ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.