డబ్బాలో మాగే వర్జీనియా

పైపు పొగాకు డబ్బా కొనగానే అడుగున తేదీ రాసి అలమరలో పెట్టేస్తాను. నాలుగైదేళ్లు గడిచాకే మూత తీస్తాను. మంచి వర్జీనియా ఆకుకు ఆ మాత్రం గడువు ఇచ్చి తీరాలి.

ఇంగ్లండులోని కెండల్‌లో 1792లో మొదలైన శామ్యూల్ గావిత్ వారి ఫుల్ వర్జీనియా ఫ్లేక్ సంగతే చూడండి. ఆకును దిమ్మెగా అదిమి, పలకలుగా కోసి డబ్బాకెక్కిస్తారు. కొత్తలో ఎండుగడ్డి వాసన, నాలుక మీద చురుకు. ఐదేళ్లయ్యాక పలకలు నల్లబడతాయి, చురుకు తగ్గుతుంది, ఎండుద్రాక్ష వాసన వస్తుంది.

ఇదంతా ఆకులోని చక్కెర మహిమ. మాది కందుకూరు వైపు పొగాకు రైతు కుటుంబం. ఆకును ఆరబెట్టే కొట్టం, అంటే బ్యారన్‌లో, ఆకు ముందు సన్నని వేడికి పసుపు తిరుగుతుంది. లోపలి పిండి పదార్థం చక్కెరయ్యేది అప్పుడే. ఆపైన వేడిని 70 డిగ్రీల దాకా పెంచి ఈనె సహా ఆరబెడితే చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. నాన్న రాత్రంతా థర్మామీటరు చూస్తూ కట్టెలు ఎగదోసేది అందుకే. తర్వాత ఆకును కుప్పగా పేర్చి మండె కడితే పచ్చివాసన పోతుంది. డబ్బాలో ఆ చక్కెర ఆకులోని నత్రజని పదార్థాలతో నిదానంగా కలిసి రంగునీ రుచినీ మారుస్తుంది.

అన్ని రకాలూ ఇలా మాగవు. చక్కెర తక్కువున్న బర్లీలో మార్పు స్వల్పం. పొగబెట్టి ఆరబెట్టే లటాకియా ఘాటు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. వనిలా, చెర్రీ పరిమళాలు కలిపినవి త్వరగా వాడేయడమే మేలు.

మన ఎండలకు ఇనుప బీరువా పై అర పనికిరాదు, లోపలి గదిలో కింది అర మంచిది. ఫ్రిజ్ అసలే వద్దు. డబ్బా అంచున తుప్పు కనిపిస్తే ఆలస్యం చేయకండి. సూదిమొనంత చిల్లు పడినా ఆకు పెళుసెక్కిపోతుంది. వేడినీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టిన గాజుసీసాలోకి మార్చి, రబ్బరు వాషరున్న మూత బిగించండి. మాటిమాటికీ తెరవకండి.

తెరిచాక పలకల మీద తెల్లగా కనిపిస్తే టార్చి వేసి చూడండి. తళుక్కుమంటే స్ఫటికాలు, భయం లేదు. దూదిలా నూగుగా ఉండి ముక్కిన వాసన కొడితే బూజు, మొత్తం పారేయాల్సిందే.

ఎన్నేళ్లు మాగినా మారేది రంగు, రుచి, వాసన మాత్రమే. నికోటిన్ ఎక్కడికీ పోదు, పొగ చేసే కీడు పిసరంతైనా తగ్గదు. అలవాటు లేనివారు ఈ రుచి కోసం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.