బాలరాజ్యమున సంరక్షక మండలి - నియామక విచారము

రాజు పసివాడైనపుడు రాజ్యభారమును ఎవరు వహించవలెను? వారిని ఎవరు నియమించవలెను? ఈ ప్రశ్నలు రాజనీతిలో అతి ప్రాచీనములు. కౌటిల్యుడు అర్థశాస్త్రము పంచమాధికరణమున వీనిని చర్చించినాడు. రాజు మరణించినపుడు అమాత్యుడే రాజ్యము గ్రహింపవచ్చునన్న భారద్వాజుని మతమును ఆయన అధర్మమని నిరాకరించినాడు. మహామాత్రులను సమావేశపరచి, రాజకుమారుని వారి చేతిలో నిక్షేపముగా ఉంచవలెనన్నది ఆయన సిద్ధాంతము. ఒక్కనికి గాక పలువురికి అప్పగించుటయే ఇందలి కీలకము.

ఈ సూత్రమును విడిచిన ఫలితము విజయనగర చరిత్రలో కానవచ్చును. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమునకు కృతిభర్తయైన సాళువ నరసింహరాయలు 1491లో మరణించుచు, తన కుమారులను, రాజ్యమును సేనాని తుళువ నరసనాయకునకు అప్పగించినాడు. నియమించినవాడు సాక్షాత్తు ప్రభువే, నియుక్తుడు సమర్థుడే. నంది మల్లయ, ఘంట సింగయలు వరాహపురాణమును అంకితమిచ్చినది ఈ నరసనాయకునకే. అయినను సైన్యము, కోశము ఒకే చేతిలో నుండుటచే ఇమ్మడి నరసింహుడు పెనుగొండలో నామమాత్రపు రాజుగా మిగిలినాడు. నరసనాయకుని అనంతరము అధికారము ఆతని కుమారుడు వీరనరసింహునకు సంక్రమించినది. 1505 ప్రాంతమున ఇమ్మడి నరసింహుడు హతుడు కాగా సింహాసనము తుళువ వంశము వశమైనది.

హైదరాబాదు రాజ్యమున జరిగినది వేరు. నేటి సంగారెడ్డి జిల్లాలోని బీరంగూడ, పటాన్‌చెరు ప్రాంతములు నాడు ఈ రాజ్యములోనివే. 1869 ఫిబ్రవరి 26న అఫ్జలుద్దౌలా మరణించునాటికి కుమారుడు మహబూబ్ అలీఖానునకు మూడేండ్లైనను నిండలేదు. దివాను సాలార్ జంగు, పైగా వంశీయుడైన షంసుల్ ఉమ్రా సహసంరక్షకులైనారు. 1877లో షంసుల్ ఉమ్రా మరణింపగా, సాలార్ జంగు అభ్యంతరమును లెక్కింపక ఆంగ్లప్రభుత్వము వికారుల్ ఉమ్రా రషీదుద్దీన్ ఖానును ఆ స్థానమున నిలిపినది. 1881లో ఆయన గతించగా సాలార్ జంగు ఏకైక సంరక్షకుడైనాడు. 1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు కూడ మరణించినంతట రీజెన్సీ కౌన్సిల్ ఏర్పడినది. పేష్కారు నరేంద్ర ప్రసాదు, ఖుర్షీద్ జా, ఆస్మాన్ జా, సాలార్ జంగు కుమారుడు లాయక్ అలీ అందు స్థానము పొందినారు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ సమక్షమున యువనిజాము పూర్ణాధికారములు స్వీకరించినాడు.

ఈ రెండు ఉదాహరణములను పోల్చినచో ఒక విషయము స్పష్టమగును. ప్రభువు స్వయముగా చేసిన నియామకమైనను ఆయన అనంతరము దానిని కాపాడు బలము వేరొకటి లేనిచో అది నిలువదు. విజయనగరమున అట్టి బలము లేక బాలరాజు ప్రాణమే పోయినది. హైదరాబాదున పలువురు ప్రముఖులు పరస్పరము నిరోధించుకొనుటచే బాలరాజు సింహాసనము నిలిచినది. కాని సభ్యులను ఎన్నుకొను హక్కు పరప్రభుత్వము చేతికి పోయినది. నిక్షేపమును పలువురి చేతిలో ఉంచుమన్న కౌటిల్యుని మాట సార్థకమే. అయితే ఆ పలువురిని నియమించు అధికారము రాజ్యములోనే నిలిచినపుడు గాని ఆ నిక్షేపమునకు సంపూర్ణ రక్షణ లేదు.