ఉత్తరాయణం డిసెంబరులోనా, జనవరిలోనా?

హౌరా: జనవరి రెండో వారం వచ్చిందంటే హౌరా స్టేషన్ గంగాసాగర్ యాత్రికులతో కిక్కిరిసిపోతుంది. మకర సంక్రాంతితో ఉత్తరాయణ పుణ్యకాలం మొదలవుతుందన్న విశ్వాసంతోనే వారు సాగర సంగమంలో స్నానమాచరిస్తారు. అయితే సూర్యుడు ఉత్తర దిశకు మరలేది డిసెంబరు 21 లేదా 22నే. హౌరాలో ఆనాటి పగలు సుమారు పది గంటల నలభై అయిదు నిమిషాలు మాత్రమే. ఆ మరునాటి నుంచి పగలు పెరగడం మొదలవుతుంది.

మూడు వారాలు దాటిన ఈ వ్యత్యాసానికి కారణం భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడమే. సంప్రదాయ పంచాంగాలు సంక్రాంతిని నక్షత్రాల ఆధారంగా గణిస్తాయి. రుతువులు మాత్రం సూర్యుని గమనాన్ని అనుసరిస్తాయి. ఈ రెండింటి మధ్య దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతోంది. సుమారు 1,700 ఏళ్ల క్రితం రెండూ ఒకే సమయంలో వచ్చేవి. స్వామి వివేకానంద 1863లో కలకత్తాలో జన్మించిన మకర సంక్రాంతి జనవరి 12న వచ్చింది. నేడు అది 14 లేదా 15న వస్తోంది.

ఐరోపాలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. స్వీడన్‌లో డిసెంబరు 13న బాలికలు తెల్లని దుస్తులు ధరించి, దీపాలతో లూసియా పండుగ జరుపుతారు. పాత జూలియన్ కేలండర్ లోపం వల్ల మధ్యయుగంలో ఏడాదిలోకెల్లా దీర్ఘమైన రాత్రి ఆ తేదీ ప్రాంతంలోనే వచ్చేది. 1753లో స్వీడన్ కొత్త కేలండర్‌కు మారినా పండుగ తేదీ మారలేదు.

మన దేశంలో ఈ చిక్కును పరిశీలించినది కలకత్తాకు చెందిన శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన కేలండర్ సంస్కరణ సంఘం. దాని సిఫార్సుల మేరకు 1957 మార్చి 22న జాతీయ కేలండర్ అమల్లోకి వచ్చింది. అందులో పుష్య మాసం డిసెంబరు 22న మొదలవుతుంది. అంటే ప్రభుత్వ కేలండర్ రుతువులను అనుసరించింది. పండుగ మాత్రం సంప్రదాయ గణన వెంటే నిలిచింది.

అందుకు పంట కూడా ఒక కారణమే. కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి చేరే కాలమిది. బెంగాలీలు ఖర్జూరపు బెల్లంతో పిఠాలు, పాటిసాప్టా వండుకుంటారు. పనుల కోసం వచ్చి హుగ్లీ తీరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అరిసెలు లేనిదే సంక్రాంతి లేదు. గణన ఇలాగే సాగితే సంక్రాంతి క్రమంగా చలికాలాన్ని దాటి వేసవి వైపు జరుగుతుంది. అప్పుడు తిథిని నిలుపుకోవాలా, రుతువును నిలుపుకోవాలా అన్నది రాబోయే తరాలు తేల్చుకోవలసిన ప్రశ్న.